గ్రాండ్ టెస్టుల్లో మార్కులు పడిపోతున్నాయా? ముందు తప్పుల లెక్క తీయండి

సిలబస్ పూర్తయి గ్రాండ్ టెస్టులు (మొత్తం సిలబస్‌పై నమూనా పరీక్షలు) మొదలయ్యాక ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కు చదివే పిల్లలది ఒకటే బెంగ: చదివే గంటలు పెరిగాయి, మార్కులు తగ్గాయి. వెంటనే పుస్తకం మళ్లీ మొదటి పాఠం నుంచి తెరుస్తారు. అది చిట్టచివర చేయాల్సిన పని.

లక్షణం: మార్కులు తగ్గాయి, గుర్తించిన జవాబులు పెరిగాయి

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. కాబట్టి ఒప్పు, తప్పు, వదిలినవి విడివిడిగా రాసుకోండి. ఒక టెస్టులో 120 ఒప్పు, 20 తప్పు, 40 వదిలినవి అనుకుందాం: 460 మార్కులు. తర్వాతి దాంట్లో 116 ఒప్పు, 58 తప్పు, 6 వదిలినవి: 406. పోయిన 54లో 38 మైనస్ మార్కులే. అసలు సంగతి ఇంకా లోపల ఉంది. అదనంగా గుర్తించిన 34 ప్రశ్నలకు కళ్లు మూసుకుని బబుల్ దిద్దినా, నాలుగింట ఒకటి లెక్కన ఎనిమిదైనా తగలాలి. ఒప్పులు పెరగకపోగా నాలుగు తగ్గాయి. అంటే, వచ్చిన ప్రశ్నలే తొందరలో చేజారుతున్నాయి. దీనికి మళ్లీ చదవడం మందు కాదు.

మొదటి విడతలో ఖాయంగా తెలిసినవే రాయండి. రెండో విడతలో కనీసం రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినవి. మిగతావి వదిలేయడానికి మనసు రాదు, అయినా వదలాలి. ‘సరికానిది ఏది’ అన్న చోట పెన్నుతో గీత గీయండి. ప్రశ్న వదిలినప్పుడు ఓఎంఆర్‌లో (బబుల్స్ దిద్దే జవాబు పత్రంలో) వరుస జారిందేమో చూసుకోండి. ఒక్క వరుస జారితే కింది జవాబులన్నీ తప్పుతాయి.

లక్షణం: ఒక్కసారిగా పెద్ద పతనం

రెండు మూడు పాఠాల టెస్టుల నుంచి మొత్తం సిలబస్‌కు మారారేమో చూడండి. అలాగైతే పాత మార్కుతో పోల్చడమే తప్పు. అదే పేపర్‌లో తోటివారి మధ్య ర్యాంకు చూసుకుంటే చాలు.

లక్షణం: ఇంట్లో వచ్చిన ప్రశ్న పేపర్‌లో అర్థం కాదు

ఇది మన సరిహద్దు పిల్లల ప్రత్యేక తలనొప్పి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగ్ మెటీరియల్ ఇంగ్లీషు. నీట్‌లో తెలుగు పేపర్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెంటర్లలోనే దొరుకుతుంది. ఒడిశా సెంటర్లలో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూతో పాటు ఒడియా ఉంటుంది. తెలుగులో రాయాలంటే శ్రీకాకుళం లాంటి చోట సెంటర్ పెట్టుకోవాలి. అది దరఖాస్తు రోజే తేల్చుకుని, మాక్ టెస్టులన్నీ ఆ భాషలోనే రాయండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం కనుక, పారిభాషిక పదాలు మాత్రం ఇంగ్లీషులోనూ తెలిసి ఉండాలి.

లక్షణం: చివర్లో ఫిజిక్స్ ఖాళీగా మిగులుతోంది

2024లో 200 నిమిషాలు ఉండేవి, 2025 నుంచి 180. పాత పేపర్లను పాత గడియారంతో రాసినవారు ఇక్కడే దెబ్బతింటారు. బయాలజీ 90 ప్రశ్నలను 50 నిమిషాల్లో ముగిస్తే ఫిజిక్స్‌కు గంట పైనే దక్కుతుంది. అసలు పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. రోజూ ఆ వేళ కునుకు తీసేవారు వారానికి ఒక మాక్ అయినా అప్పుడే రాయాలి, ఫ్యాను కింద అయినా సరే.