చూపు తగ్గిన పెద్దలకు ఫోను నేర్పాలంటే

కళింగపట్నంలో నాది రీచార్జి కొట్టు. "బాబూ, ఫోను పాడైపోనాది, ఎక్కడ ముట్టుకున్నా ఏటో వాగుతంది" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పాడవలేదు, ముట్టుకున్నదాన్నల్లా పైకి చదివే టాక్‌బ్యాక్ ఆన్ అయిందంతే. షార్ట్‌కట్ పెట్టి ఉంటే వాల్యూమ్ మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే ఆగిపోతుంది. కుర్రాళ్ళకి చిరాకు తెప్పించే ఆ వాగుడే చూపు తగ్గిన పెద్దలకి కావాలి.

ముందు చూపు ఎలా తగ్గిందో అడగండి. చాలామంది అక్షరాలు పెద్దవి చేసి ఊరుకుంటారు. మధ్యలో మసకగా ఉన్నవాళ్ళకి అది పనికొస్తుంది. నీటికాసులు (గ్లకోమా) ముదిరి చుట్టూ చూపు పోయినవాళ్ళకి పెద్ద అక్షరాలు ఇంకా ఇబ్బంది, ఒకసారికి రెండు మూడే కనబడతాయి. వాళ్ళకి టాక్‌బ్యాక్ మాటే నయం.

నేర్పబోయే ముందే ఫోను సిద్ధం చెయ్యండి. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌కి, అంటే రాత చదివి వినిపించేదానికి, తెలుగు గొంతు పెట్టి, వేగం బాగా తగ్గించండి. కింద మూడు బటన్లు ఉండే పద్ధతికి మార్చండి. అంచు తడుముకుంటూ పోతే హోమ్ బటన్ ఎప్పుడూ నడిమధ్యనే దొరుకుతుంది. తెర మీద ఉన్నవన్నీ తీసేసి కాల్ చేసే గుర్తు ఒక మూల, వాట్సాప్ ఇంకో మూల ఉంచండి. మూల వేలికి దొరుకుతుంది. ఇక పేర్లు. ఇంగ్లీషులో రాసుకున్న పేర్లని తెలుగు గొంతు ఒక్కోసారి ఎవరికీ అర్థం కాకుండా పలుకుతుంది. "పెద్దోడు", "చిన్నకోడలు" అని తెలుగులోనే రాయండి.

నేర్పేటప్పుడు మొదటి పాఠం వెనక్కి రావడం. ఎక్కడ తప్పిపోయినా హోమ్‌కి రాగలనన్న ధైర్యం వచ్చాకే మిగతావి. ఒక వేలు మెల్లగా జరపాలి, కావలసిన మాట వినపడగానే ఎత్తి, తెర మీద ఎక్కడైనా రెండుసార్లు తట్టాలి. అదే బటన్ మీద తట్టక్కర్లేదన్నది నమ్మడానికి కొంచెం టైము పడుతుంది. పైకీ కిందకీ జరపడానికి రెండు వేళ్ళు.

మా దగ్గర గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల బోట్ల మీదకెళ్ళిన కొడుకులున్న తల్లులు ఎక్కువ. వాళ్ళకి మొదట నేర్పేది వాయిస్ మెసేజ్ వినడం. ఓ మామ్మ టాక్‌బ్యాక్ మీద కోప్పడింది, "నాను చెప్పింది ఇనదేటి ఇది!" అని. కొడుకు గొంతు వినపడగానే ఫోను చెవికి ఆనించుకుని, మళ్ళీ తట్టి, మళ్ళీ విన్నది. టైపింగ్ ఆమెకి నేర్పనే లేదు, అవసరం పడలేదు.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఆలస్యమవుతోందని "ఇటియ్యి అత్తా" అని ఫోను లాక్కోకండి, వాళ్ళ వేలు పట్టుకుని నొక్కించకండి. వాళ్ళు తట్టేదాకా నోటితోనే చెప్పండి. మీరు కళ్ళు మూసుకుని ఓసారి వాడి చూస్తే ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

నోట్ల కోసం రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ వెయ్యండి. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది, నెట్ అక్కర్లేదు. దొంగనోటు మాత్రం పట్టదు. ఓటీపీ గట్టిగా చదివితే పక్కవాళ్ళూ వింటారు కాబట్టి ఇయర్‌ఫోన్ అలవాటు చెయ్యండి. మోసపోతే చెయ్యాల్సిన 1930 నంబరు కూడా "డబ్బు మోసం" అన్న పేరుతో ఫోన్లో వేసి ఉంచండి.