ఊరూరా తిరిగే గోల్‌కీపర్‌గా నిలదొక్కుకోవడం ఎలా

క్లబ్బు నుంచి ఫోన్ రాగానే జీతమెంత అని అడగొద్దు తమ్ముడూ. అక్కడ నంబర్ వన్ కీపర్ ఎవరు, వయసెంత, కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, ముందు అది అడుగు. మిడ్‌ఫీల్డర్‌కి ఈ బెంగ లేదు. ఐదుగురిలో ఐదోవాడైనా ఏదో ఒకరోజు చివరి ఇరవై నిమిషాలు గ్రౌండ్‌లోకి దిగుతాడు. మనకున్నది ఒకటే కుర్చీ. అందులో ఉన్నవాడికి ఇరవై రెండేళ్లు, ఇండియా క్యాంపు పిలుపు, మూడేళ్ల కాంట్రాక్టు ఉన్నాయంటే, ఎంత డబ్బిస్తామన్నా నువ్వు వెళ్లేది ప్రాక్టీసులో అతనికి బంతులు కొట్టడానికే. అదే ముప్పై ఐదు దాటి, భుజానికి ఒకసారి ఆపరేషన్ అయినవాడు ఉంటే సంతోషంగా వెళ్లు. ఒకరి నొప్పి మీద మన కెరీర్ ఆధారపడటం వినడానికి బాగోదు గానీ, కీపర్లందరికీ ఇది తెలుసు. అతనికీ తెలుసు.

రెండో ప్రశ్న, కీపర్ కోచ్ ఉన్నాడా? దేశంలో మూడో, నాలుగో అంచె లీగుల స్థాయిలో చాలా చోట్ల అసిస్టెంట్ కోచే వచ్చి నాలుగు షాట్లు కొట్టి పోతాడు. అలాంటి చోట ఒక సీజన్ ఉంటే ఫర్వాలేదు. రెండు సీజన్లయితే ఫుట్‌వర్క్ పాడవుతుంది.

జీతం సంగతి ఆ తర్వాత. ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో ఎక్కించిన కాంట్రాక్టులో ఉన్న అంకె, నీకు నోటితో చెప్పిన అంకె ఒకటేనా చూసుకో. గెలుపు బోనస్ ఆడిన పదకొండు మందికా, స్క్వాడ్ మొత్తానికా అని తప్పకుండా అడుగు. ఇది అడిగే కుర్రాళ్లు తక్కువ, నష్టపోయేది బెంచి మీద కూర్చునే మనమే. మోకాలి ఆపరేషన్ పడితే ఖర్చు ఎవరిదో కాగితం మీద ఉండాలి.

రెండు నెలల జీతం ఆగిపోతే, క్లబ్బుకి రాతపూర్వకంగా నోటీసిచ్చి, కనీసం 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చని ఫిఫా 2018లో నిబంధన తెచ్చింది. నేనాడిన ఒక క్లబ్బులో జనవరి నుంచి జీతాలు ఆగాయి. వాట్సాప్‌లో 'అన్నా, అన్నా' అని మేనేజర్‌ని బతిమాలినవాళ్లకి పైసా రాలేదు. నెలలు, తేదీలు వేసి ఈమెయిల్ పెట్టినవాళ్లకి మే నెలకి సగమైనా వచ్చింది. ఏఐఎఫ్‌ఎఫ్‌లో ఆటగాళ్ల ఫిర్యాదులు వినే కమిటీ ఉంది, 2006 నుంచి ఆటగాళ్ల సంఘం ఎఫ్‌పీఏఐ కూడా ఉంది. సంఘంలో సభ్యత్వం గొడవ రాకముందే తీసుకో.

ఇక అసలు పని. మ్యాచ్ రోజు వార్మప్‌లో నంబర్ టూ చేసేదంతా నంబర్ వన్ కోసమే. చేతుల్లోకి వాలీలు, రెండు వైపులా నేలబారు షాట్లు, రెండు వింగుల నుంచి క్రాసులు, అంటే పక్కల నుంచి గోల్ ముందుకి వేసే బంతులు. అరగంట అయ్యేసరికి అతను చెమటతో తడిసి ఉంటాడు, నీ గ్లౌజులు మాత్రం పొడిగా ఉంటాయి. పన్నెండో నిమిషంలో అతను చెయ్యి పట్టుకుని కూలబడితే నీ గతేంటి? అందుకని అందరికంటే పది నిమిషాలు ముందే బయటికి రా. మూడో కీపర్‌తో గానీ కిట్ మేనేజర్‌తో గానీ గాల్లోకి బంతులు వేయించుకుని కనీసం ఇరవై పట్టు. హాఫ్‌టైమ్‌లో డ్రెస్సింగ్ రూమ్‌కి పోకుండా గ్రౌండ్‌లోనే ఉండి క్రాసులు తీసుకో.

బెంచి మీద కూర్చున్నప్పుడు బంతిని చూడకు, అవతలి జట్టు పెనాల్టీ కొట్టేవాడిని చూడు. ఫ్రీకిక్కుకి పరిగెత్తేటప్పుడు నిలబడే పాదం ఎటు తిరుగుతోంది, టెన్షన్‌లో ఏ వైపు కొడతాడు. 2014 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ ఎక్స్‌ట్రా టైమ్ చివరి క్షణాల్లో సిలెసెన్‌ని తీసేసి టిమ్ క్రూల్‌ని దింపాడు. ఆ మ్యాచ్‌లో అప్పటిదాకా ఒక్క బంతి ముట్టనివాడు షూటౌట్‌లో రెండు ఆపాడు. నంబర్ టూకి చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు.

చల్లగా ఉన్న ఒంటితో లోపలికి దిగితే మొదటి ఐదు నిమిషాలు గొప్పలకు పోవద్దు. మొదటి గోల్‌కిక్ పొడుగ్గా కొట్టు. మొదటి బ్యాక్‌పాస్ సైడ్‌లైన్ అవతల పడినా తప్పులేదు. బంతి చేతికి దొరికింది కదా అని ఊపిరి పీల్చుకుంటూ నిలబడకు. 2025 సీజన్ నుంచి 8 సెకన్లు దాటితే అవతలివాళ్లకి కార్నర్. చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు, ఓ కన్ను అటు వెయ్యి. అన్నిటికంటే ముందు డిఫెండర్లకి వినపడేలా కేకలు వెయ్యి. వదిలెయ్, వెనకాల అనడానికి కోల్‌కతాలో అయితే 'ఛాడో', 'పేఛోనే', కేరళ మలబారులో అయితే 'విడూ', 'పిన్నిల్'. కొత్త ఊళ్లో దిగిన మొదటి రాత్రే సెంటర్‌బ్యాక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వదిలెయ్, వెనకాల, బయటికి రా, నాది అనే నాలుగు మాటలు వాళ్ల భాషలో నేర్చుకో. హోటల్ మెనూ తర్వాత నేర్చుకోవచ్చు.

గ్లౌజులు రెండు జతలు, మ్యాచ్‌కి ఒకటి, ప్రాక్టీసుకి ఒకటి. వేసుకునే ముందు అరచేతి లేటెక్స్ తడిపితేనే పట్టు. అయిపోయాక గోరువెచ్చని నీళ్లలో చేత్తో కడిగి నీడలో ఆరబెట్టు. సబ్బుపొడి వేసి నానబెట్టి ఎండలో పడేస్తే వారంలో పెచ్చులూడుతుంది. వానాకాలం కోల్‌కతా లీగ్ ఆడితే మైదాన్ బురదలో బంతి నేలకి తగిలి జారుకుంటూ వస్తుంది. పట్టాలని చూడకు, పక్కకి దూరంగా నెట్టెయ్. ఒక టవల్ గోల్‌పోస్టు వెనక వలకి కట్టుకో.

కేరళలోని మలప్పురం నుంచి సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురి ఆట, ఆడమని ఫోన్లు వస్తాయి. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్, గ్యాలరీలో ఇసక వేస్తే రాలని జనం, మ్యాచ్ అవగానే చేతిలో డబ్బు. సరదాగానే ఉంటుంది. కానీ క్లబ్బు కాంట్రాక్టు నడుస్తుండగా వెళ్లి మడమ విరగ్గొట్టుకుంటే ఇన్సూరెన్స్ రాదు, క్లబ్బు ఊరుకోదు.

ఓపిక గురించి ఉపన్యాసం ఇవ్వను, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి సంగతి చెప్తా. 2015 డిసెంబర్‌లో గోవాలోని ఫటోర్డాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. అతను గోవా కీపర్. గోవా 2-1తో గెలుస్తోంది. 90వ నిమిషంలో అతని పేరు మీదే ఓన్ గోల్ (సొంత గోల్లోకే బంతి) పడింది, వెంటనే చెన్నై ఆటగాడు మెండోజా ఇంకోటి కొట్టాడు, కప్పు చెన్నైకి పోయింది. 2022 మార్చిలో అదే ఫటోర్డా, మళ్లీ ఫైనల్, ఈసారి మన హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. కేరళ మీద 1-1, షూటౌట్. అతను మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1తో కప్పు మనది. అప్పటికి అతనికి 32. కీపర్లకి అది ముసలితనమేం కాదు. జాన్ బరిడ్జ్ 1995లో మాంచెస్టర్ సిటీకి ప్రీమియర్ లీగ్ ఆడినప్పుడు 43. ఇక జర్మనీ కీపర్ లుట్జ్ ఫాన్నెన్‌స్టీల్ ఫిఫా కింద ఉన్న ఆరు ఖండాల సమాఖ్యల్లోనూ ప్రొఫెషనల్‌గా ఆడాడు. అంత తిరుగుడు మనకి అక్కర్లేదులే.

అయినా ఉద్యోగం కోసం ఒక ఫైల్ సిద్ధంగా పెట్టుకో. సంతోష్ ట్రోఫీ సర్టిఫికెట్లు, యూనివర్సిటీ టోర్నీలవి, ఇంటర్ మార్కుల లిస్టు. రైల్వే స్పోర్ట్స్ కోటా వయసు 25తో అయిపోతుంది. సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ పడినప్పుడు గువాహటిలో హోటల్ గదిలో ఉండి అమ్మకి ఫోన్ చేసి బీరువాలో వెతకమంటే కుదరదు. కీపర్ కోచింగ్ లైసెన్సు కూడా ఆడుతూ ఉండగానే మొదలుపెట్టు, ఆఫ్‌సీజన్‌లో ఖాళీయే కదా.

కొత్త క్లబ్బుకి వీడియో పంపేటప్పుడు డైవులన్నీ కత్తిరించి పాట పెట్టి పంపొద్దు. ఎగిరి ఆపినవి ఎవడైనా చూపిస్తాడు. ఒక పూర్తి హాఫ్ పంపు, కట్ లేకుండా. క్రాసుకి ఎక్కడ నిలబడ్డావు, లైన్ వదిలి ఎంత ముందుకొచ్చావు, బంతి కాలికి వస్తే ఏం చేశావు, కోచ్‌లు చూసేది అవే. తిన్న గోల్స్ కూడా రెండు పెట్టు.

సీజన్ అయ్యాక రైలెక్కే ముందు బాకీ జీతం, రిలీజ్ లెటర్ చేతికి తీసుకో. గది తాళం ఆ తర్వాతే ఇవ్వు.