అనంతపురం నుంచి లడఖ్‌కు వెళ్లే క్యాంపర్ వ్యానులో నేలను వెచ్చగా ఉంచడం ఎలా?

అనంతపురం మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ దాకా పోతుంది. వ్యానును చిన్న ఇల్లుగా మార్చుకొని ఆ దారిన కశ్మీరుకు, అక్కడి నుంచి లడఖ్‌కు వెళ్లాలనుకునేవారు మన ఎండలకు జడిసి పైకప్పుకు శ్రద్ధగా ఇన్సులేషన్ వేయిస్తారు గాని, కాళ్ల కింది రేకును పట్టించుకోరు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది; చలికాలపు రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు చాలా దిగువకు పడిపోతుంది. వేసవి మధ్యాహ్నం కడప బండ మీద ఒళ్లు ఆనించి పడుకున్నవారికి నేల ఒంట్లోని వేడిని ఎలా లాగేసుకుంటుందో తెలుసు. చలిలో వ్యాను రేకు చేసేదీ ఆ పనే.

అందువల్ల హీటరు కొనడానికి ముందే నేలకు ఇన్సులేషన్ వేయాలి. పాత మ్యాటును తీసివేసి, రేకును కడిగి పూర్తిగా ఆరనిచ్చి, తుప్పు ఉన్నచోట గీకి, తుప్పు పట్టనివ్వని రంగు వేయండి. దానిపై 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (ఒత్తి తయారుచేసిన గట్టి పాలిస్టైరీన్ నురుగు) షీటును సందులు లేకుండా పరచి, అతుకులకు టేపు అంటించండి. ఇది మామూలు థర్మాకోల్ కన్నా గట్టిది, నీటిని దాదాపు పీల్చదు. అంతే మందం గల ప్లైవుడ్ కంటే సుమారు నాలుగు రెట్లు మెరుగ్గా వేడిని నిలుపుతుంది. మే నెలలో తారురోడ్డు సెగను లోపలికి రానివ్వనిదీ ఇదే కనుక, పెట్టిన ఖర్చు మన ఊళ్లోనూ అక్కరకు వస్తుంది.

తరువాత వేడిచేసే పద్ధతిని ఎంచుకోవాలి. నేల కింది గొట్టాల్లో వేడినీటిని తిప్పితే వెచ్చదనం అంతటా సమంగా పరుచుకుంటుంది, కానీ పంపు, డీజిల్ వాటర్ హీటరు, గడ్డకట్టని కూలెంటు కావాలి. పైగా నేల ఎత్తు పెరుగుతుంది. డీజిల్ ఎయిర్ హీటరు గాలిని త్వరగా వేడిచేస్తుంది. 12 వోల్టుల విద్యుత్ మ్యాటు పలుచగా ఉంటుంది, అమర్చడమూ తేలికే, కానీ బ్యాటరీని తినేస్తుంది. చదరపు మీటరుకు 100 వాట్లు తీసుకునే మ్యాటును రెండు చదరపు మీటర్లు పరచి, ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే 1,600 వాట్-అవర్లు ఖర్చవుతాయి, 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 మాత్రమే. లీటరు డీజిల్‌లోనైతే సుమారు 10,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. కనుక గదికంతటికీ డీజిల్ ఎయిర్ హీటరు, మంచం దిగి కాళ్లు పెట్టే చోట అర చదరపు మీటరు మ్యాటు ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

మ్యాటు పరిచే ముందు అల్మారాలు, మంచం కోళ్లు వచ్చే చోట్లను సుద్దతో గీసుకోండి. వాటి కింద మ్యాటు ఉంటే వేడి బయటికి పోలేక పేరుకుంటుంది. మ్యాటు పక్కనే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారును అమర్చి, మల్టీమీటరుతో మ్యాటు నిరోధాన్ని కొలిచి రాసుకోండి. 12 వోల్టుల, 50 వాట్ల మ్యాటుకు అది 2.9 ఓమ్‌ల దగ్గర ఉండాలి. పలుచని ప్లైవుడ్ కప్పాక మరోసారి కొలవండి. మా వ్యానులో ఈ రెండో కొలత తీసుకోకుండానే పైన నేలకు పరిచే వినైల్ షీటు అతికించాము. ఒక స్క్రూ మ్యాటు తీగను తెంచిందని తెలిసేసరికి నేలంతా ఊడదీయవలసి వచ్చింది. వినైల్ కూడా వేడిని తట్టుకునే రకమై ఉండాలి. నేల పైభాగం 29 డిగ్రీలు దాటకుండా థర్మోస్టాట్‌ను అమర్చి, బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ దగ్గరే వైరు మందానికి తగిన ఫ్యూజు పెట్టండి.

డీజిల్ హీటరు పొగగొట్టం, మంటకు గాలి తీసుకునే గొట్టం తప్పనిసరిగా బయటికే ఉండాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు కాబట్టి, పడుకునే చోటికి దగ్గరలో అలారం పెట్టకుండా ఒక్క రాత్రి కూడా హీటరు వేయకండి. మామూలు డీజిల్ అంత చలికి చిక్కబడుతుంది; మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్‌కు తెచ్చింది, దాన్నే పోయించుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో చార్జి చేస్తే పాడవుతుంది కనుక, దాన్ని గదిలోపలే ఉంచాలి. వాహనంలో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించండి.

బయలుదేరే ముందు, జనవరిలో ఒక రాత్రి ఇంజిను ఆపి, మ్యాటును, హీటరును నడుపుతూ వ్యానులోనే పడుకొని, తెల్లవారాక బ్యాటరీ మీటరు చూడండి. మన చలికే సగానికి పైగా ఖర్చయి ఉంటే, లడఖ్ రాత్రికి అది చాలదు. మరో బ్యాటరీ అయినా పెట్టాలి, మ్యాటునైనా తగ్గించాలి.