ఒకే ఇంజినా? అనుమానించాల్సింది దాన్ని కాదు: బుష్ విమానాల ప్రమాదాల్లో లక్షణం, కారణం, మందు

"బావా, అలాస్కా క్రూజ్‌లో నీళ్ళ మీద దిగే విమానం కూడా ఎక్కిస్తారట. ఒకటే ఇంజినట. మధ్యలో ఆగిపోతే?" సియాటిల్‌లో ఉండే మా బావమరిది అడిగాడు. ప్రమాద నివేదికలు చదవడం నాకున్న పిచ్చి అని ఇంట్లో అందరికీ తెలుసు. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

రన్‌వే లేని చోట, చెరువు మీదో ఇసుకతిన్నె మీదో మంచు మీదో దిగడానికి చేసినవి బుష్ విమానాలు. కెనడావాళ్ళ నార్స్‌మన్ 1935లో వచ్చింది, బీవర్ 1947లో, దాని అన్నలాంటి ఆటర్ 1951లో. బీవర్లు, ఆటర్లు ఇప్పటికీ ఎగురుతున్నాయి. అన్నిటికీ ముందు ఒకే ఇంజిన్. అందుకే ఏది పడినా జనం మొదట ఇంజిన్ వైపే వేలు చూపిస్తారు. నేను చదివినంతలో చాలాసార్లు ఆ వేలు తప్పు.

లక్షణం: చల్లగా, చెమ్మగా ఉన్న రోజు. థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచి తగ్గించే పిడి) కదపలేదు, అయినా ఇంజిన్ బలం మెల్లమెల్లగా దిగిపోతోంది

ఇక్కడ మాత్రం ఇంజిన్‌నే చూడాలి. హోటల్లో పెద్ద పొయ్యికి పెట్టిన గ్యాస్ సిలిండర్ అడుగున మంచు పట్టడం చూసే ఉంటారు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్ గొంతులో జరిగేదీ అదే. పెట్రోలు ఆవిరవుతుంది, సన్నని గొంతులో గాలి వేగం పెరిగి ఇంకా చల్లబడుతుంది. రెండూ కలిసి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు పైగా పడేయగలవు. అంటే బయట 15 డిగ్రీల ఆహ్లాదమైన వాతావరణంలో కూడా, గాలిలో తేమ ఉంటే, లోపల మంచు కట్టి గొంతు పూడుకుపోతుంది.

1944 డిసెంబర్ 15న ఇంగ్లండ్‌లోని ట్విన్‌వుడ్ ఫార్మ్ నుంచి ఫ్రాన్స్‌కు ఒక నార్స్‌మన్ బయల్దేరింది. అందులో ఉన్నది అప్పట్లో అమెరికాను ఊపేసిన బ్యాండ్ నాయకుడు గ్లెన్ మిల్లర్. ఇంగ్లిష్ ఛానెల్ దాటనే లేదు, విమానం ఇప్పటికీ దొరకలేదు. దొరకనిదానికి కారణం తేల్చి చెప్పలేం గానీ, తెలిసినవాళ్ళు ఎక్కువగా అనుమానించేది ఈ మంచునే.

మందు పాతదే: కార్బ్యురేటర్ హీట్ పిడి లాగడం. పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వెళ్ళి మంచును కరిగిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పిడి లాగగానే ఇంజిన్ బాగుపడదు, ఇంకా పాడైనట్టు ఉంటుంది. వేడిగాలి పలచన కాబట్టి బలం మరికాస్త తగ్గుతుంది. కరిగిన నీళ్ళు మింగి ఇంజిన్ దగ్గుతుంది, కుదుపుతుంది. కొత్త పైలట్ గుండె జారి పిడి మళ్ళీ లోపలికి తోసేస్తాడు. ఆ దగ్గును ఓర్చుకుని ఊరుకుంటే చాలు, అర నిమిషంలోనో నిమిషంలోనో సర్దుకుంటుంది.

పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం వేరే జబ్బు. 1920ల అలాస్కా పైలట్లు రాత్రి దిగగానే ఇంజిన్ ఆయిల్ డబ్బాలోకి దించి గుడిసెలోకి తీసుకుపోయేవాళ్ళు. తెల్లారాక పొయ్యి మీద కాచి మళ్ళీ పోసేవాళ్ళు. ఇంజిన్ మీద కాన్వాసు కప్పి కింద కుంపటి పెట్టేవాళ్ళు. కుంపటి దగ్గర మనిషి కునుకు తీస్తే విమానమే తగలబడేది.

లక్షణం: నేల విడిచిన కొన్ని సెకన్లకే ముక్కు ఉండాల్సిన చోట ఉండదు

ముక్కు కిందికి పడిందా, పైకి లేచిందా అన్నదే ఇక్కడ కీలకం.

కిందికి పడిన కేసు 1935 ఆగస్టు 15ది. పైలట్ వైలీ పోస్ట్. ఒంటి కన్నుతో ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టి వచ్చిన మొదటివాడు. పక్కన విల్ రోజర్స్, అమెరికా అంతా ఇష్టపడిన హాస్యగాడు. పోస్ట్ తన విమానాన్ని తనే కూర్చుకున్నాడు: లాక్‌హీడ్ ఒరాయన్ అనే విమానం ఒళ్ళు, ఎక్స్‌ప్లోరర్ అనే ఇంకోదాని రెక్క, కింద నీళ్ళ మీద తేలడానికి ఫ్లోట్లు. అతుకుల బొంతే. ముక్కు బరువెక్కింది. ఇంజిన్ లాగుతున్నంతసేపూ ఆ బరువు తెలియదు. అలాస్కా ఉత్తర కొసన బారో దగ్గర ఒక మడుగులో దిగి, దారి అడిగి, మళ్ళీ లేచారు. లేస్తుండగా ఇంజిన్ ఆగింది. ముక్కు ఎత్తి పట్టడానికి తోక బలం చాలలేదు. లోతు కూడా లేని నీళ్ళలో తలకిందులుగా పడింది. ఆగింది ఇంజినే, నిజమే. తిన్నగా ఉన్న విమానమైతే నిదానంగా జారి మళ్ళీ అదే మడుగులో దిగేదేమో.

పైకి లేచిన కేసు 2013 జూలై 7, అలాస్కాలోనే సోల్డోట్నా. ఆటర్‌లో తొమ్మిదిమంది ప్రయాణికులు, పైలట్, ఒక లాడ్జికి తీసుకెళ్ళే తిండి సామాను. కాగితం మీద సామాను బరువు 300 పౌన్లు. నిజానికి 700 దాటింది. ఎవరూ కాటా మీద పెట్టలేదు. బరువు వెనక చేరడంతో లేవగానే ముక్కు పైకి, ఇంకా పైకి. పైలట్ తోస్తున్నా దిగదు. వేగం చచ్చి స్టాల్ అయి, అంటే రెక్కలు ఇక గాల్లో నిలబెట్టలేక, పడింది. పదిమందీ పోయారు. ఇంజిన్ భేషుగ్గా ఉంది.

దీనికి మందు కాటా. రైతుబజారులో కిలో వంకాయలు కొనేటప్పుడు ముల్లు చూసేంత శ్రద్ధ చాలు. మీ బరువు ఎంతని అడిగితే సిగ్గుపడి పది కిలోలు తగ్గించి చెప్పకండి.

లక్షణం: విమానం మామూలుగానే ఎగురుతోంది, పైలట్ మాత్రం తెలిసిన దారిలో తప్పు మలుపు తిరిగాడు

నన్ను ఎక్కువ రోజులు వెంటాడిన నివేదిక ఇదే. 2017 డిసెంబర్ 31, సిడ్నీకి ఉత్తరాన హాక్స్‌బరీ నది. నది ఒడ్డున భోజనం చేసిన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని బీవర్ లేచింది. పైలట్ అనుభవజ్ఞుడు, ఆ దారి అతనికి కొట్టినపిండి. అయినా జెరూసలేం బే అనే, మూడువైపులా కొండలున్న ఇరుకులోకి తిప్పాడు. చివర్న బాగా ఒరిగి వెనక్కి తిరగబోయి నీళ్ళలో పడ్డాడు. ఆరుగురూ చనిపోయారు.

ఇంజిన్ సరే, కంట్రోళ్ళు సరే, వాతావరణం సరే. ఇలాంటి మనిషి అక్కడికెందుకు వెళ్ళాడో చాలా కాలం అంతుపట్టలేదు. తర్వాత రక్త పరీక్షల్లో తేలింది: పైలట్ రక్తంలోనూ, ప్రయాణికుల రక్తంలోనూ కార్బన్ మోనాక్సైడ్.

అది లోపలికి ఎలా వచ్చిందో దశలవారీగా చూడండి. ఇంజిన్ చుట్టూ పొగను పోగుచేసే ఉంగరంలాంటి గొట్టం ఉంటుంది, దానికి పగుళ్ళు. కాబట్టి పొగ ఇంజిన్ అరలో నిండింది. ఇంజిన్‌కూ మనుషులకూ మధ్య ఫైర్‌వాల్ అనే రేకు గోడ, అందులో మాగ్నెటోల (ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించేవి) దగ్గరికి చెయ్యి పెట్టడానికి చిన్న మూతలు. ఆ మూతల బోల్టుల్లో మూడు లేవు. బోల్టు ఉండాల్సిన చోట బెజ్జం. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. తలనొప్పి, మగత, పొరపాటు నిర్ణయం, అంతే. ఊపిరాడక గింజుకోవడం ఉండదు కాబట్టి బాధితుడికే తెలియదు. చలికాలంలో గది తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయినవాళ్ళ వార్తలు మనకు కొత్త కాదు.

విమానాల్లో దీనికి రంగు మారే చుక్క ఉన్న చిన్న అట్టముక్క అతికిస్తారు. ఎండకు అది వెలిసిపోతుంది, పైగా దాన్ని పైలటే గమనించాలి. మత్తులో ఉన్నవాడు గమనిస్తాడా? బీప్‌మని అరిచే, లైటు వెలిగే ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పెట్టాలన్నది ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ గట్టిగా చెప్పిన మాట. ఖరీదు మామూలు సెల్‌ఫోన్ కంటే తక్కువే.

లక్షణం: ఏ హెచ్చరికా లేకుండా ముక్కు నేరుగా కిందికి

2022 సెప్టెంబర్ 4. ఫ్రైడే హార్బర్ నుంచి రెంటన్‌కు వస్తున్న ఆటర్ మ్యూటినీ బే నీళ్ళలో పడి పదిమంది చనిపోయారు. సియాటిల్ పక్కనే, మా బావమరిది ఇంటికి అట్టే దూరం కాదు.

సముద్రం అడుగునుంచి శకలాలు తీశాక అసలు దోషి బయటపడింది. తోక మీది అడ్డరెక్క వాలును మార్చే స్క్రూ యంత్రంలో రెండు భాగాలు విడిపోయి ఉన్నాయి. గుద్దుడికి విరిగితే మరలు చిరిగిపోవాలి. ఇవి చిరగలేదు. నీళ్ళసీసా మూత విప్పినట్టు తిరిగి తిరిగి వాటంతటవే ఊడాయి. అలా తిరగకుండా పట్టి ఉంచాల్సిన తీగలాంటి లాకు రింగు శకలాల్లో కనిపించనేలేదు. అది ఊడితే అడ్డరెక్క గాలికి వదిలేసినట్టే, పైలట్ ఎంత లాగినా చేసేదేమీ లేదు.

గాల్లో దీనికి మందు లేదు, ఉన్నదంతా షెడ్డులోనే. ఆ ప్రమాదం తర్వాత ఆటర్లన్నిటిలో ఆ రింగు ఉందో లేదో చూడమన్నారు.

లక్షణం: ఎదురుగా అంతా మబ్బుతో తెల్లగా ఉంది, "ఇప్పుడే దాటేస్తాం" అంటున్నాడు పైలట్

ఎక్కువమందిని మింగింది బహుశా ఇదే, చెప్పడానికి మాత్రం తక్కువే ఉంది. 1929 నవంబర్‌లో అలాస్కా వైమానిక పితామహుల్లో ఒకడైన కార్ల్ బెన్ ఐల్సన్, సైబీరియా తీరాన మంచులో చిక్కిన నానుక్ ఓడ దగ్గరికి వెళ్తూ తుఫానులో నేలను ఢీకొని మెకానిక్‌తో సహా చనిపోయాడు. దాదాపు 86 ఏళ్ళ తర్వాత, 2015 జూన్ 25న, అలాస్కాలోనే కెచికాన్ దగ్గర క్రూజ్ ప్రయాణికులతో వస్తున్న ఆటర్ మబ్బులో కొండను కొట్టుకుంది, తొమ్మిదిమంది పోయారు. ఈసారి "కొండ ఉంది" అని అరిచే యంత్రం విమానంలో ఉంది. కొండల మధ్య కిందగా ఎగిరితే అది అస్తమానం అరుస్తుంది కాబట్టి స్విచ్చి నొక్కి నోరు మూశారు. ఓడ బయల్దేరే టైముకు జనాన్ని చేర్చాలన్న ఒత్తిడిని కూడా దర్యాప్తు ఎత్తిచూపింది.

మా బావమరిదికి నేనిచ్చిన సలహా: ఓడ దిగే రోజు మధ్యాహ్నం చివరి ట్రిప్పు బుక్ చెయ్యకు. రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చేవాడి దగ్గరే కొను.

లక్షణం: కింద ఏదో జంతువు కనిపించింది, "ఇంకో చుట్టు" అన్నారు

60 డిగ్రీలు ఒరిగి తిరిగితే విమానం బరువు రెట్టింపైనట్టు ఉంటుంది, స్టాల్ అయ్యే వేగం 41 శాతం పెరుగుతుంది. కిందగా ఉంటే కోలుకునే ఎత్తుండదు. 2015 ఆగస్టులో క్వెబెక్‌లోని తాదూసాక్ దగ్గర విహారానికి వెళ్ళిన బీవర్ ఇలాగే పడి ఆరుగురు పోయారు. అందులో స్టాల్ హెచ్చరిక పరికరం లేదు. ఫోటో సరిగ్గా రాకపోతే పోనీండి, రెండో చుట్టు అడక్కండి.

లక్షణం: విమానం పడింది, మనుషులు బతికే ఉన్నారు

2009 నవంబర్ 29, కెనడాలోని సాటర్నా దీవి. బీవర్ నీళ్ళలో పడి మునిగింది. పైలట్, ఒక ప్రయాణికురాలు బయటపడ్డారు, మిగతా ఆరుగురు మునిగిపోయారు. గుద్దుడికి కొన్ని తలుపులు బిగుసుకుపోయాయి. తలకిందులైన చీకటి నీళ్ళలో పిడి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇప్పుడు కెనడాలో ఇలాంటి విమానాల్లో లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీదే ఉండాలి. ఎక్కగానే కళ్ళు మూసుకుని మోకాలి నుంచి తలుపు పిడి దాకా చెయ్యి జరిపి చూడండి, ఏ వైపు తిప్పాలో కూడా. జాకెట్‌లో గాలి మాత్రం బయటికి వచ్చాకే నింపాలి. లోపలే నింపితే కప్పుకు అతుక్కుపోతారు.

నేల మీద పడితే సమస్య వెతకడం. 2010 ఆగస్టు 9న అమెరికా మాజీ సెనేటర్ టెడ్ స్టీవెన్స్ చనిపోయిన ఆటర్‌లో నలుగురు బతికారు. జాడ చెప్పాల్సిన బీకన్ దాని చట్రం నుంచి ఊడి, యాంటెనా తెగి, లోపలే మూగగా మోగుతూ ఉండిపోయింది.

బీకన్లే లేని కాలంలో, 1929 ఏప్రిల్ 10న, ఆస్ట్రేలియా తనామీ ఎడారి. తప్పిపోయిన సదరన్ క్రాస్ అనే విమానాన్ని వెతకడానికి కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ కూకబర్రా అనే చిన్న విమానంలో వెళ్ళారు. ఇంజిన్‌లో పుష్‌రాడ్ అనే కడ్డీ సడలి దిగాల్సి వచ్చింది. మరమ్మతు కుదిరింది, ఇంజిన్ తిరిగింది. కానీ ముళ్ళపొదల్లోంచి లేవడానికి బారెడు చదును దొరకలేదు, నీళ్ళు చాలీచాలనన్ని. ఆండర్సన్ తన డైరీని విమానం చుక్కాని గుడ్డ మీద రాసుకున్నాడు. వాళ్ళు వెతుకుతున్న సదరన్ క్రాస్ మనుషులు 12నే క్షేమంగా దొరికారు. కూకబర్రాను పైనుంచి చూసింది 21న, అప్పటికి ఇద్దరూ లేరు.

2023 మే 1న కొలంబియా అమెజాన్‌లో పడిన సెస్నా 206ది కూడా ఇంజిన్ గోలే, పైలట్ రేడియోలో చెప్పాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ పోయారు, నలుగురు పిల్లలు మిగిలారు. పెద్దమ్మాయికి 13, చిన్నది ఇంకా పసిగుడ్డు. విమానం దగ్గరే ఉండాలన్నది పుస్తకంలో రాసే మందు, వాళ్ళు అడవిలోకి నడిచారు. విమానంలో ఉన్న కర్రపెండలం పిండి తిన్నారు, అది అయిపోయాక తెలిసిన గింజలూ పళ్ళూ. హెలికాప్టర్లలోంచి అమ్మమ్మ గొంతు రికార్డు చేసి వాళ్ళ సొంత భాషలో మైకులో వినిపించారు, కదలకుండా ఒకచోట ఉండమని. 40వ రోజున, విమానానికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో దొరికారు.