మీ చెరువు నీళ్లు ఏ నదికి పోతాయో కనుక్కోవడం ఎలా? (బెంగళూరు)

బెంగళూరులో ఫ్లాటు చూడటానికి వెళ్లిన మనవాళ్లు బాల్కనీలోంచి చెరువు కనిపిస్తే చాలనుకుంటారు. అది నిండితే నీళ్లు ఎటు పోతాయో అడిగేవాళ్లు తక్కువ. అలుగు, మత్తడి, మరవ... మీ ఊళ్లో ఏమన్నా సరే, ఇక్కడివాళ్లు ‘కోడి’ అంటారు. ముందు దాన్ని పట్టుకోవాలి.

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరవండి. చెరువు అంచుల్లో ఒకటి మాత్రం తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. అదే కట్ట. చాలాచోట్ల దానిమీదే రోడ్డు వేసేశారు. దానికి ఎదురుగా జమ్ము పెరిగి, లోతు తక్కువగా ఉండేది నీళ్లు వచ్చే వైపు. కోడి సాధారణంగా కట్ట కొసన ఉంటుంది. తూమును చూసి కోడి అనుకోకండి. తూము కట్ట అడుగున ఉంటుంది, ఒకప్పుడు పొలాలకు నీళ్లు వదలడానికి కట్టింది. పొలాలు పోయాక చాలా తూములు పూడిపోయాయి.

కోడి నుంచి రాజకాలువ (ఒక చెరువు నీళ్లను తర్వాతి చెరువుకు చేర్చే పెద్ద వాననీటి కాలువ) వెంట కిందికి నడవండి. మధ్యలో పలకలు కప్పేసి ఉంటే రోడ్డు పల్లమయ్యే చోట కల్వర్టు వెతకండి. మ్యాప్ యాప్‌లో రెండు మూడు మీటర్ల ఎత్తు తేడా కనిపిస్తే నమ్మకండి, అంతకంటే పెద్ద తప్పే రావచ్చు. వాన పడిన మర్నాడు వెళ్లడం మేలు. ఎండాకాలంలో కాలువ పారుతుంటే అది చాలావరకు మురుగే. కొన్నిచోట్ల ఆ మురుగును చెరువులోకి రానివ్వకుండా పక్కకాలువలో మళ్లించారు. అప్పుడు కాలువ నిండా పారుతున్నా కోడి పొడిగానే ఉంటుంది. కాలువలోకి మాత్రం దిగకండి.

ఇలా వెళ్తే మడివాళ చెరువు నీళ్లు ఆగర చెరువుకు, అక్కణ్నుంచి బెళ్ళందూరుకు, వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి చేరతాయి. అది మన నెల్లూరు పెన్న కాదు. రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టినా ఇది తమిళనాడు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊరి మధ్య మిట్టకు పడమటి వైపు నీళ్లు వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతాయి. వర్తూరు కోడి దగ్గర నురగ కట్టడానికి కారణమూ మడివాళ నుంచి వచ్చే ఈ చెరువుల గొలుసే. పైనుంచి కొట్టుకొచ్చిన సబ్బు నీళ్లు అక్కడ ఎత్తునుంచి పడి చిలికినట్టవుతాయి.

చెరువు ఎంత తట్టుకుంటుందో ఇలా లెక్కేయండి. చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీళ్లు. 5 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో 50 మి.మీ. పడితే 2,50,000. సిమెంటు పరిచిన నేల కాబట్టి అందులో 60 శాతం పారిందనుకుంటే 1,50,000 ఘనపు మీటర్లు. 40 ఎకరాల చెరువులో అది దాదాపు 3 అడుగుల మట్టం. చెరువు ముందే నిండి ఉంటే ఆ నీళ్లన్నీ కోడి దాటాల్సిందే. ఎక్కడో పైన ఉన్న చెరువు కోడి పారినా ఆ వంతు కూడా వచ్చి కలుస్తుంది.

మీరు చూసే ఫ్లాటు కోడి కిందివైపు ఉంటే, కాలువ ఎక్కడ ఇరుకవుతుందో టేపుతో కొలవండి. బేస్‌మెంట్ ర్యాంపు మొదలయ్యే చోటు కాలువ గట్టుకంటే ఎత్తులో ఉందో లేదో చూడండి.