మిర్చి యార్డులో పనిచేసుకుంటూ రమణుల 'నేనెవరు' చదవడం ఎట్లా

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో గుమస్తాను నేను. పౌర్ణమికి అరుణాచలం పోయి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసొచ్చిన హమాలీలు, తోటి గుమస్తాలు అడుగుతుంటారు: "అన్నా, రమణ మహర్షి ఏం చెప్పిండో చదువుదామంటే ఏడికెల్లి షురూ చెయ్యాలె?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందే 'నేనెవరు' పట్టుకోకండి. చిన్న పుస్తకం, గంటలో అయిపోతుంది కానీ మనసుకు పట్టదు. సూరి నాగమ్మ గారి 'శ్రీరమణాశ్రమ లేఖలు' తీసుకోండి. ఆశ్రమంలో తాను చూసింది చూసినట్టు 1945 నుంచి ఆమె తన అన్నకు తెలుగులోనే ఉత్తరాలు రాశారు. రాత్రి అన్నాలయ్యాక రోజుకు ఒక్కటి, ఇంట్లో అందరికీ వినపడేలా చదవండి. ఇంకోటి చదవాలనిపించినా ఆపేయండి. ఆశ్రమంలోని ఆవు లక్ష్మి ముచ్చట వచ్చినప్పుడు మా అమ్మ గిన్నెలు కడగడం ఆపి గడప దగ్గరికొచ్చి కూర్చుంది.

తెలుగువాళ్లకు మహర్షి ఎప్పుడూ దగ్గరివాడే. 1907లో ఆయనను భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పిలిచింది తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతి ముని. రచయిత చలం 1950లో ఏకంగా అరుణాచలానికే మకాం మార్చారు.

లేఖలు కొంత చదివాక 'నేనెవరు' తెరవండి. 1901-02 ప్రాంతంలో శివప్రకాశం పిళ్ళై అనే భక్తుడు అడిగిన ప్రశ్నలకు మహర్షి రాసి చూపించిన జవాబులే దానికి మూలం. అప్పటికి ఆయన ఇరవై దాటిన కుర్రవాడు, మౌనంగా ఉండేవారు. రోజుకొక ప్రశ్న, దాని జవాబు చాలు.

అసలు పని పుస్తకం మూసిన తర్వాతే. 'నేనెవరు, నేనెవరు' అని జపం చేయమని ఆయన చెప్పలేదు. సీజన్లో యార్డు నిండా బస్తాలు, ఘాటుకు గొంతు మండుతుంటుంది. తేమ ఉందని ఖరీదుదారు రేటు తగ్గిస్తాడు, రైతు వచ్చి నా మీద అరుస్తాడు. నాకూ కోపం లేస్తుంది. సరిగ్గా అక్కడ, ఈ కోపం ఎవరికి వచ్చింది అని లోపల అడగాలి. నాకు. ఆ నేను ఎవరు? జవాబును మాటల్లో వెతక్కండి. ఆ 'నేను' ఎక్కడి నుంచి లేస్తోందో అటు చూస్తూ ఒక్క ఊపిరి సేపు ఉండండి. కోపం అక్కడే ఉన్నా, దాని పట్టు సడలుతుంది. అప్పుడు రైతు చెప్పేది వినండి, ఆ తర్వాతే తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) రాయండి. మనసు అస్సలు నిలవకపోతే శ్వాసను గమనించండి. సాత్వికాహారం మితంగా తినమని కూడా అదే పుస్తకంలో ఉంది. పొట్ట బరువైతే ఈ 'నేనెవరు' అనే విచారణ సాగదు.

టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ పుస్తకంలోని రైలు మాట దగ్గర ఆగండి. బరువంతా రైలు మోస్తుంటే, ఎక్కాక కూడా మూట నెత్తిన పెట్టుకోవడం ఎందుకు అంటారు మహర్షి. రోజూ కాజీపేటలో రైలెక్కే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. అట్లని లెక్క చూడటం మానేయమని కాదు. రైతు డబ్బు విషయంలో దేవుడే చూసుకుంటాడని చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను. ఇతరులకు ఇచ్చేదంతా తనకు తాను ఇచ్చుకోవడమే అని ఆ పుస్తకమే చెబుతోంది. కాంటా దగ్గర కూర్చునేవాళ్లు ఒక వారమంతా ఆ ఒక్క మాట మీదే ఉండండి, ఆ తర్వాతే పేజీ తిప్పండి.