మిర్చి సీజన్ ముందు ఒక్క మాట: రాచెట్‌కి పైపు తొడగొద్దు

మొన్న గుంటూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనిచేసే కుర్రాడి ముంజేయి విరిగింది. లారీ వెనక చక్రం నట్టు కదలడం లేదని అర అంగుళం రాచెట్‌కి, అంటే సాకెట్ తగిలించి నట్టు తిప్పే పళ్ల హ్యాండిల్‌కి, పొడవాటి పైపు తొడిగి, ఒళ్లంతా దానిమీద వేసి నొక్కాడు. సాకెట్‌లోకి దూరే రాచెట్ చదరం పుటుక్కున తెగింది. పైపుతో సహా మనిషి ముందుకు పడ్డాడు, చెయ్యి ఛాసిస్‌కి కొట్టుకుంది. తెగిన ముక్క సాకెట్‌లో ఇరుక్కుపోయి ఉంది. నట్టు మాత్రం ఉన్నచోటే ఉంది.

మిర్చి యార్డుకి కొత్త కాయ రావడం మొదలైతే లారీలు, ట్రాక్టర్లు, ట్రాలీలు అన్నీ ఒక్కసారే షెడ్ల మీద పడతాయి. ఓనరు పక్కనే నిలబడి తొందరపెడుతుంటాడు. ఆ హడావుడిలో చేతికి ఏ రాచెట్ దొరికితే దానితోనే కానిచ్చేస్తారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

ఏ బోల్టుకి ఏ డ్రైవ్

డ్రైవ్ అంటే రాచెట్ చదరం సైజు. పక్కన ఉన్న నంబర్లు బోల్టు తల సైజు, ఎంఎంలో.

పావు అంగుళం: 10 తల వరకు, అంటే ఎం6 (6 ఎంఎం లావు బోల్టు), అంతకన్నా చిన్న బోల్టులు. కవర్లు, క్లిప్పులు, డ్యాష్‌బోర్డు పని.

మూడు సూతులు (3/8 అంగుళం): 10 నుంచి 19 వరకు. బైకు పని, కారు ఇంజిన్ పని చాలావరకు దీంతోనే అయిపోతుంది. ఒక్క రాచెట్టే కొనగలిగితే ఇదే కొనండి.

అర అంగుళం: 17 నుంచి 27 దాకా. కారు వీల్ నట్లు, సస్పెన్షన్, ట్రాక్టర్ పని.

ముప్పావు అంగుళం: అంతకు పైవన్నీ. లారీ వీల్ నట్లు 32, 33 సైజులో ఉంటాయి, వాటికి ఇదే, లేదా బండితో వచ్చిన వీల్ స్పానర్, టామీ రాడ్డు.

పైపు సంగతి

అర అంగుళం రాచెట్ పిడి జానెడు పైచిలుకు, సుమారు 25 సెంటీమీటర్లు. దాన్ని 40 కిలోల బలంతో లాగితే నట్టు మీద పడే మెలి బలం 100 న్యూటన్ మీటర్లు. కారు వీల్ నట్టుకి కావాల్సింది కూడా దాదాపు అంతే. పిడి అంత పొడవు ఉండటానికి కారణమే అది. లారీ చక్రం నట్టు బిగింపు 600 దగ్గర ఉంటుంది. తుప్పు పట్టిందంటే విప్పడానికి ఇంకా ఎక్కువ కావాలి. మంచి కంపెనీ అర అంగుళం రాచెట్ కూడా తట్టుకునేది 500 అటూ ఇటూ. మీటరు పైపు తొడిగి 60 కిలోల మనిషి దానిమీద నిలబడితే ఆ హద్దు అక్కడికక్కడే దాటిపోతుంది. లోపల బలమంతా ఆపేది గోరంత పళ్లున్న చిన్న ముక్క. అది జారినా, చదరం తెగినా ముందు హెచ్చరిక ఉండదు.

కదలని నట్టుకి పళ్లులేని పొడుగు హ్యాండిల్ వాడండి: బ్రేకర్ బార్, టీ బార్, టామీ రాడ్డు. వాటికీ డ్రైవ్ సైజు సరిపోవాలి. నట్టు లూజయ్యాకే రాచెట్ పట్టండి. రాచెట్ ఉన్నది వేగంగా తిప్పడానికి. పెగల్చడానికి కాదు. పైపు తొడగొద్దు.

అర అంగుళం రాచెట్‌కి అడాప్టర్ పెట్టి ముప్పావు సాకెట్ వాడటం కూడా ఇదే తప్పు. సాకెట్ పెద్దదైనంత మాత్రాన కింద ఉన్న చదరం బలం పెరగదు.

చిన్న బోల్టుల దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ రాచెట్ గట్టిగానే ఉంటుంది, తెగేది బోల్టు. ఎం6 బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు చాలు, 20 దగ్గరికి వస్తే తల ఊడిపోతుంది. అర అంగుళం రాచెట్‌తో 20 రావాలంటే 8 కిలోల బలం, అంటే వేళ్లతో లాగినంత. చేతికి ఏమీ తెలియదు. బైకు ఇంజిన్ కవర్ బోల్టు అల్యూమినియంలో తెగిందంటే డ్రిల్లు, కొత్త మర, లేత్ షాపు చుట్టూ తిరుగుడు. రెండు రూపాయల బోల్టుకి ఒక రోజు పని పోతుంది. 10 తల కనిపిస్తే అర అంగుళం రాచెట్ కింద పెట్టేయండి.

ఇక మిగతావి

తుప్పు నట్టుకి ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది తల అరగదీస్తుంది.

తుప్పు వదిలించే ఆయిల్ రాత్రే కొట్టి వదిలేయండి. పొద్దున్నే పని సగం అయి ఉంటుంది.

వీల్ నట్లు జాకీ ఎక్కించక ముందే, చక్రం నేలమీద ఉండగానే అర చుట్టు లూజు చేయండి. చక్రాలకి అడ్డం పెట్టండి.

పాత లారీల్లో ఎడమ పక్క చక్రాలకి ఎడమ మర ఉండొచ్చు. స్టడ్డు మీద మర చూశాకే తిప్పండి, లేకపోతే విప్పుతున్నామనుకుని బిగిస్తారు.

పాత మాసీ ట్రాక్టర్లలో అంగుళాల బోల్టులు ఉంటాయి. దగ్గరగా ఉందని ఎంఎం సాకెట్ ఎక్కించొద్దు.

ఎయిర్ గన్‌కి తెల్లగా మెరిసే సాకెట్ పెట్టొద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లవే వాడండి.

మీ వైపు లాగండి, తొయ్యొద్దు. తొయ్యక తప్పకపోతే అరచెయ్యి విప్పి తొయ్యండి, వేళ్లు మిగులుతాయి.

రాచెట్‌తో సుత్తి పని చేయొద్దు. పళ్లు జారుతున్న రాచెట్‌ని పెట్టెలో ఉంచొద్దు, హెల్పర్ కుర్రాడు తెలియక తీస్తాడు.

ఓనరు తొందరపెట్టినా సరే, పైపు తొడగొద్దు.

చక్రం బిగించిన బండి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూడాలి. బండి ఇచ్చేటప్పుడే ఈ మాట డ్రైవర్‌కి చెప్పండి.